ఆపరేషన్ పవన్‌లో పోయిన నాన్నను వెతుక్కుంటూ

మా నాన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో లాన్స్ నాయక్. 1988లో శ్రీలంకలో, కిళినొచ్చి దగ్గర్లో, తమిళులకు వేరే దేశం కావాలని పోరాడిన ఎల్‌టీటీఈ (జనం తమిళ పులులు అనేవారు) పెట్టిన మందుపాతర పేలి చనిపోయాడు. అప్పటికి నాకు ఐదేళ్ళు. తమ్ముడికి నడక కూడా రాలేదు. ఆయన్ను తలుచుకోవడానికి గోడ మీద ఫొటో, అటక మీద ట్రంకు పెట్టె తప్ప ఇంకో చోటంటూ లేకుండానే మాకు ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. ఆ చోటు కోసం మేం ఏం చేశామో, ఎక్కడెక్కడికి వెళ్ళామో రాస్తున్నాను. శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతి పరిరక్షక దళంలో, అంటే ఐపీకేఎఫ్‌లో, మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళకు పనికొస్తుందని నా ఆశ.

ఐపీకేఎఫ్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తమిళ పోరాట సంస్థలు ఆయుధాలు అప్పగించాలి, శ్రీలంక సైన్యం బారక్‌లకు వెళ్ళిపోవాలి, మధ్యలో శాంతి కాపాడటానికి మన సైన్యం ఉండాలి. ముందుగా వెళ్ళింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. మూడు నెలలు కూడా తిరక్కుండానే, ఎవరిని కాపాడటానికి వెళ్ళారో వాళ్ళ పేరుమీద పోరాడే పులులతోనే మన సైన్యం యుద్ధం చేయాల్సి వచ్చింది. అక్టోబరులో ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా నగరం కోసం మొదలైన ఆ యుద్ధమే ఆపరేషన్ పవన్. 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి ఆఖరి దళం ఓడెక్కేనాటికి దాదాపు 1,200 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్ళు మూడు వేల దాకా ఉన్నారు. తిరిగొచ్చిన వాళ్ళకు మద్రాసులో స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్ళలేదు. రాజకీయ కారణాలు ఏవైనా కావచ్చు. పేపర్లో ఆ ముక్క చదివించుకుని అమ్మ అన్నం తినలేదని మా పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నాన్న దేహం ఇంటికి రాలేదు. కార్గిల్ తర్వాత జాతీయ జెండా కప్పిన పెట్టెలు ఊళ్ళకు రావడం అందరూ చూశారు గానీ, అంతకుముందు ఎక్కడ పోయినవాళ్ళకు అక్కడే అంత్యక్రియలు చేసేయడం మామూలు. మాకు ముందు టెలిగ్రాం వచ్చింది. కొన్నాళ్ళకు ఒక జవాను మూతికి గుడ్డ కట్టిన చిన్న కలశం, నాన్న ట్రంకు పెట్టె తీసుకొచ్చి అప్పగించి, తాతయ్య చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అస్థికలు వంశధారలో కలిపారు. కళ్ళతో చూడని చావు కదా, అమ్మ చాలా ఏళ్ళు నమ్మలేదు. పేరు పొరపాటు పడ్డారేమో, ఏ ఆసుపత్రిలోనో ఉన్నాడేమో అనేది. పదో రోజు చేయవలసినవన్నీ చేయించుకుంది. అయినా వీధిలో జీపు ఆగితే గుమ్మంలోకి వెళ్ళి చూసేది.

ఊళ్ళో జనం మంచివాళ్ళే. కానీ అందరిదీ ఒకటే మాట: "శ్రీలంకలో మనకేం పని?" పాకిస్తాన్ మీదో, చైనా మీదో పోయుంటే ఆ మాట రాదు. పరాయి దేశంలో, పరాయివాళ్ళ గొడవలో పోయాడు అన్నట్టు ఉండేది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపాక, మరుసటి ఏడాది మన ప్రభుత్వం ఎల్‌టీటీఈని నిషేధించాక, అదే జనం "మీ నాన్నను చంపింది వాళ్ళేనా అమ్మా" అని అడగడం మొదలుపెట్టారు. కార్గిల్ అప్పుడు మా మండలంలో అమర జవాన్లకు నివాళి అని పెద్ద సభ పెట్టారు. మమ్మల్ని పిలవలేదు. ఎవరికీ గుర్తు లేకపోవడమే తప్ప అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. నాకు బాధ కలిగించింది సరిగ్గా అదే.

2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత విధుల్లో ప్రాణాలిచ్చిన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు రాళ్ళ మీద చెక్కారని టీవీలో చెప్పారు. తమ్ముడు ఆ రాత్రే ఫోన్ చేశాడు. "అక్కా, ఆపరేషన్ పవన్ వాళ్ళవి కూడా పెట్టారంట. నాన్న పేరు ఉండాలి కదా." ఉండాలి, నిజమే. కానీ ఉందో లేదో మాకు ఎలా తెలుస్తుంది?

స్మారకానికి వెబ్‌సైట్ ఉంది, అందులో పేర్లు వెతుక్కోవచ్చు. వెతికాం. దొరకలేదు. అమ్మకు చెప్పలేదు. తర్వాత అర్థమైంది, మన తెలుగువాళ్ళ పేర్లతో ఇది మామూలే. నాన్న ఎస్‌ఎస్‌ఎల్‌సీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది. పెన్షన్ కాగితంలో ఇంటిపేరు ఒక్క అక్షరమైంది. టెలిగ్రాంలో అసలు లేదు. "రావు" ఒకచోట అతుక్కుని ఉంది, ఒకచోట విడిగా ఉంది. అందుకే మిగతా కుటుంబాలకు నేను మొట్టమొదట చెప్పేది ఒక్కటే. పేరు పట్టుకుని వెతక్కండి, ఆర్మీ నంబరు పట్టుకోండి. అన్ని కాగితాల్లోనూ మారనిది అదొక్కటే.

ఆ నంబరు కోసం ట్రంకు పెట్టె దించాం. నల్ల రంగు వేసిన రేకు పెట్టె. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. మూడు తాళం కొంకుల్లో ఒకటి విరిగింది. లోపల ఆలివ్ గ్రీన్ చొక్కా, బెల్టు బకిల్, బ్రాసో డబ్బా, షేవింగ్ బ్రష్, రాళ్ళు పొదిగినట్టు మెరిసే చవక దువ్వెన ఒకటి. అది అమ్మ కోసం కొన్నదట. అన్నిటికీ అడుగున నాన్న ఉత్తరాలు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలు, కేరాఫ్ ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాలు. ఎక్కడున్నాడో ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు, రాయకూడదు కాబట్టి. "ఇక్కడ కొబ్బరి చెట్లు మన ఉద్దానంలాగే ఉంటాయి. తాటిచెట్లు ఇంకా ఎక్కువ. పాపకు బడికి వేళ అయింది, చేర్పించు. వర్షాలు పడ్డాయా?" అని ఉంది ఒక దాంట్లో. ఆ ఉత్తరం ఊరికి చేరేసరికే నాన్న లేడని తేదీ చూస్తే తెలిసింది. అమ్మకు ఆ సంగతి ముందే తెలుసు. మాకు ఎప్పుడూ చెప్పలేదు.

కాగితాలన్నీ జెరాక్సులు తీసి ఒక ఫైలు చేశాం. ఒక ఆఫీసుకు వెళ్తే అక్కడి కుర్రాడు ఫారం చూసి "ఆపరేషన్ పవన్ అంటే ఏంటి మేడమ్, తుఫాను సహాయమా?" అని అడిగాడు. పవన్ అంటే గాలి కదా, అతనికి అలా తోచింది. నిలబడి మొత్తం చెప్పాను. పాపం, శ్రద్ధగానే విన్నాడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాత్రం ఒక రిటైర్డ్ సుబేదారు ఉండేవారు. ఫైలు చూస్తూనే లేచి నిలబడ్డారు. "ఐపీకేఎఫ్ కేసా? కూర్చో తల్లీ" అన్నారు. బెంగళూరులో నాన్న రెజిమెంటు కాగితాలుండే రికార్డ్స్ ఆఫీసుకి ఏం రాయాలో, యుద్ధ మరణంగా నమోదైన కాగితం నకలు ఎలా అడగాలో, భార్య తరఫున దరఖాస్తు ఏ పేరుతో ఉండాలో దగ్గరుండి చెప్పారు. ఇలాంటి మనిషి ఒక్కరు దొరికితే సగం పని అయినట్టే.

రికార్డ్స్ నుంచి జవాబు రావడానికి టైం పట్టింది గానీ, వచ్చింది. అందులో నాన్న పేరు ఆర్మీ పుస్తకాల్లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా ఉంది. ఆ స్పెల్లింగ్‌తో మళ్ళీ వెతికాం. దొరికింది. తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపితే అది తెరవడానికి నాకు ధైర్యం చాలక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

అదే కాగితం ఇంకో మేలు చేసింది. నాన్న ఫీల్డ్ కంపెనీ నంబరు అందులో ఉంది. మాజీ సాపర్ల (ఆర్మీ ఇంజినీరు దళాల సైనికుల్ని అలా అంటారు) వాట్సాప్ గ్రూపుల్లో సుబేదారు గారు ఆ వివరం పెట్టించారు. తమిళనాడులోని ధర్మపురి వైపు నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు ఫోన్ చేశారు. నాన్నతో ఒకే సెక్షన్‌లో పనిచేశారట. ఆర్మీలో నేర్చుకున్న హిందీ, మద్రాస్ సాపర్లలో ఉన్నన్నాళ్ళూ విన్న తెలుగు కలిపి మాట్లాడారు. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతులు ఆయన చెప్పారు.

రోడ్డు మీద కాన్వాయ్ కదలాలంటే తెల్లారకముందే రోడ్ ఓపెనింగ్ పార్టీ వెళ్ళాలి. ఆర్‌ఓపీ అంటారు. ముందు సాపర్లు నడుస్తారు. ఒకరి చేతిలో మైన్ డిటెక్టర్, ఒకరి చేతిలో నేలను ఏటవాలుగా గుచ్చి చూసే ఊచ. పులులు చెక్కపెట్టెల్లో చేసే చిన్న మైన్లు ఉండేవి, జానీ మైన్లని పేరు. వాటిలో ఇనుము ఎంతో ఉండదు కాబట్టి డిటెక్టర్ పెద్దగా పలకదు, కాళ్ళు పోయాకే తెలిసేది. ఇక కల్వర్టుల కింద పూడ్చేవి వేరు. వైరు దూరంగా పొదల్లోకి లాగి, మనవాళ్ళు సరిగ్గా పైకి వచ్చాక పేల్చేవారు. ఆ రోజు నాన్న కల్వర్టు పక్కన మట్టి రంగు తేడాగా ఉందని చెయ్యెత్తి వెనకవాళ్ళను ఆపాడు. దిగి చూస్తుంటే పేల్చేశారు. "ఆయన చెయ్యెత్తకపోతే మేం అందరం దాని మీద ఉండేవాళ్ళం. నాకు ఇద్దరు మనవలు అమ్మా" అన్నారు ఆయన. తర్వాత ఇద్దరం మాట్లాడలేకపోయాం. స్పీకర్ ఆన్‌లో ఉంది, అమ్మ వింటోంది. ఆయన హిందీలో చెప్పినవి తమ్ముడు ఆమెకు తెలుగులో చెప్పాడు. "బాధ పడ్డారా అని అడుగు" అంది. లేదు, క్షణంలో అయిపోయిందని చెప్పారు. నిజమో, మా కోసం చెప్పారో అడగదలచుకోలేదు.

ఢిల్లీ ప్రయాణం కరోనా వల్ల వెనక్కి పోయింది. యుద్ధ స్మారకంలో ప్రతి సాయంత్రం ఒక అమరుడి కుటుంబం చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. అమ్మ పేరు మీద ముందే రాసుకున్నాం, కబురు వచ్చాక టికెట్లు తీసుకున్నాం. ఇండియా గేట్ పక్కనే నలభై ఎకరాల చోటు అది. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చక్రాలు, మధ్యలో స్తంభం, దాని కింద ఆరని జ్యోతి. పేర్లున్నది త్యాగ చక్రంలో. గుండ్రంగా తిరిగే గోడలు, గోడ నిండా గ్రానైట్ పలకలు, ఒక్కో పలక ఒక్కో మనిషిది. దగ్గరికి వెళ్ళేదాకా గోడలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఎవరి పలక ముందు వాళ్ళకు మిగతా గోడ కనిపించదు.

స్మారకం సిబ్బందిలో ఒక కుర్రాడు మమ్మల్ని తిన్నగా ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. అమ్మ చెయ్యి పెట్టి ఆ పలకను తడిమింది. అక్షరాలు బంగారు రంగులో ఉన్నాయి. ఆమెకు తెలుగు తప్ప వేరే చదవడం రాదు. తమ్ముడు పేరు, ర్యాంకు, రెజిమెంటు చదివాడు. "నంబరు?" అంది. వాడు నోరు తెరిచేలోపే తనే మొదలుపెట్టి, ఆర్మీ నంబరు ఒక్క అంకె తడబడకుండా చెప్పేసింది. ఉత్తరాల మీద చిరునామా రాయించిన రోజుల నుంచి ఆమె నోట్లో ఉండిపోయిందది. కాగితాల కోసం అంత వెతికాం, ఆమెను అడగాలని మాకెవరికీ తట్టలేదు. పక్క పలక మీద చెయ్యి పెట్టి "వీళ్ళెవరు?" అని అడిగింది. ఆయనా పవన్‌లోనే పోయారు, వేరే రెజిమెంటు. ఆయనకూ దండం పెట్టింది.

సాయంత్రం కార్యక్రమంలో అమ్మకు అటూ ఇటూ సైనికులు నడిచారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, చెయ్యి పట్టుకోబోతే వద్దంది. పుష్పగుచ్ఛం పెట్టింది. బ్యూగిల్ మోగింది. చుట్టూ చూడటానికి వచ్చిన జనం, స్కూలు పిల్లలు అందరూ లేచి నిలబడ్డారు. మా మండలం సభలో దొరకనిది అమ్మకు అక్కడ దొరికిందని నాకు అనిపించింది. తర్వాత అక్కడే, పరమవీర చక్ర అందుకున్నవాళ్ళ విగ్రహాలుండే పరమ్ యోధా స్థల్‌లో మేజర్ రామస్వామి పరమేశ్వరన్ విగ్రహం చూపించాను. 1987 నవంబరు 25న జాఫ్నా దగ్గర పులులు చుట్టుముడితే, ఛాతీలో గుండు దిగాక కూడా ఒకడి చేతిలో తుపాకీ లాక్కుని అతన్ని కాల్చాడు. ప్రాణం పోయేదాకా తనవాళ్ళకు ఆదేశాలిస్తూనే ఉన్నాడు. పరమవీర చక్ర అందుకున్న 21 మందిలో శ్రీలంకలో పోయినవాడు ఆయనొక్కడే. "మీ నాన్నకు ఈయన తెలుసా?" అంది అమ్మ. తెలియకపోవచ్చు అన్నాను.

శ్రీలంకకు నేనూ తమ్ముడూ వెళ్ళాం. అమ్మ రానంది. కొలంబో శివార్లలో, శ్రీ జయవర్ధనపుర కోట్టేలో, వాళ్ళ పార్లమెంటుకు దగ్గర్లో ఐపీకేఎఫ్ స్మారకం ఉంది. శ్రీలంక ప్రభుత్వమే కట్టించింది. శుభ్రంగా, పచ్చగా ఉంచారు. అక్కడా పేర్లున్నాయి. మన ప్రధాని వెళ్ళినప్పుడు ఫొటోల్లో చూసిన చోటే. కానీ నాన్న కొలంబోలో ఒక్క రోజు కూడా లేడు. నా మనసంతా ఉత్తరం వైపే ఉంది.

జాఫ్నా రైలు యుద్ధంలో ఆగిపోయి, 2014లో మళ్ళీ మొదలైంది. మేం కిళినొచ్చిలో దిగి వ్యాను మాట్లాడుకున్నాం. డ్రైవరు తమిళుడు. తమ్ముడు చెన్నైలో ఉద్యోగం చేశాడు కాబట్టి తమిళం వచ్చు. హవల్దారు అంకుల్ చెప్పిన గుర్తులు ఏవీ మిగల్లేదు. జాఫ్నా వెళ్ళే పెద్ద రోడ్డు, ఏ-9, మొత్తం కొత్తగా వేశారు, కల్వర్టులన్నీ కొత్తవి. ఫలానా చోటు అని తేలదని అర్థమయ్యాక, ఒక కల్వర్టు దగ్గర ఆపించి అమ్మ చెప్పినట్టు కొబ్బరికాయ కొట్టాం. అంతే చేయగలిగాం.

రోడ్డు దిగితే అక్కడక్కడా ఎర్ర బోర్డులు, పుర్రె గుర్తుతో. 2009లో యుద్ధం ముగిసినా మైన్లు తీయడం ఇంకా సాగుతూనే ఉంది. హాలో ట్రస్ట్ లాంటి సంస్థల్లో చాలామంది ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళే పనిచేస్తున్నారు. యుద్ధంలో భర్తలు పోయినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ముఖానికి అద్దం, ఒంటికి బరువైన కవచం వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, అంగుళం అంగుళం మట్టి గీరుతున్న ఒకామెను దూరం నుంచి చూశాను. నాన్న చేసిన పని అది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

జాఫ్నాలో మేం దిగిన ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. ఎందుకొచ్చారని అడిగితే తమ్ముడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి, టీ తెచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆమె అన్న జాఫ్నా ఆసుపత్రిలో పోయాడు. 1987 అక్టోబరు 21, దీపావళి రోజు. మన సైన్యం ఆసుపత్రిలోకి వెళ్ళినప్పుడు డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారని సైన్యం అంది. అక్కడివాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు. నేను అంతకుముందు దాని గురించి చదివాను గానీ, ఆ ఇంటి మనిషి ఎదురుగా కూర్చుని చెబితే వినడం వేరు. నాన్నను చంపినవాళ్ళను నేను క్షమించలేదు. క్షమించాలని ఆమె కూడా అడగలేదు. మా నాన్న ఫొటో చూపించమంది. చూసి, "చిన్నవాడు" అంది. వాళ్ళ అన్న ఫొటో తెచ్చి చూపించింది. ఆయన కూడా చిన్నవాడే. ఆ ఇంటిని వదిలేసి నాన్న సంగతి ఒక్కటే రాస్తే అబద్ధం రాసినట్టు ఉంటుందని దీన్నీ రాస్తున్నాను.

తిరిగొచ్చాక ఊళ్ళో పని మిగిలింది. బడి ఆవరణలో నాన్న పేరుతో శిలాఫలకం పెట్టడానికి పంచాయతీ ఒప్పుకుంది. ఏం రాయాలన్న దగ్గర కొంత చర్చ జరిగింది. "దేశ రక్షణలో" అని రాద్దామన్నారు పెద్దలు. అలా అయితే సరిహద్దులో పోయాడనుకుంటారు, శ్రీలంక అన్న మాట ఉండాల్సిందే అని అమ్మ పట్టుబట్టింది. అదే రాయించాం: భారత శాంతి పరిరక్షక దళం, ఆపరేషన్ పవన్, శ్రీలంక, 1988. కింద నంబరు. ఇప్పుడు బడి పిల్లలు "శ్రీలంకలో ఎందుకు?" అని టీచర్లను అడుగుతున్నారట. టీచర్లు మా తమ్ముడికి ఫోన్ చేస్తున్నారు.

ఇంకొకటి ఉంది. జాఫ్నా దగ్గర పలాలీలో, సైనిక ప్రాంతం లోపల, మనవాళ్ళకు మరో స్మారకం ఉంది. జాఫ్నాలోని మన కాన్సులేట్ వాళ్ళు జాతీయ పండుగలప్పుడు అక్కడ పూలు ఉంచుతారు. మామూలు మనుషులు నేరుగా వెళ్ళలేరు, అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాం. ఈసారి వీల్‌చైర్ మీదైనా వస్తానని అమ్మ అంటోంది. ధర్మపురి అంకుల్ కూడా పాస్‌పోర్ట్ చేయించుకున్నారు.